మార్కుల వరుసలను సబ్జెక్టు కాలమ్‌లుగా తిప్పితే ఒక్కో విద్యార్థి ఆరుసార్లు వస్తున్నాడు

నిడదవోలు_నుంచి
ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో కంప్యూటర్ పనులు చూస్తున్నాను. మై ఎస్‌క్యూఎల్ 5.7 అనే డేటాబేసులో అర్ధ సంవత్సర పరీక్ష మార్కుల పట్టిక ఉంది. అందులో రోల్ నంబరు, సబ్జెక్టు, మార్కులు అనే మూడే కాలమ్‌లు ఉన్నాయి. ఎంపీసీ అయినా బైపీసీ అయినా మొదటి ఏడాది ఆరు పేపర్లు (2025-26కు ముందున్న పద్ధతి) కనుక ఒక్కో విద్యార్థికి ఆరు వరుసలు ఉంటాయి. ప్రిన్సిపల్ గారికి మాత్రం నోటీసు బోర్డుకు అంటించే జాబితా కావాలి. విద్యార్థికి ఒకే వరుస ఉండాలి, సబ్జెక్టులన్నీ పక్కపక్కన రావాలి.

సబ్జెక్టుకొక కేస్ (ఇలా అయితే ఇది అని చెప్పే షరతు) రాసి, రోల్ నంబరు మీద గ్రూప్ బై (వరుసలను గుంపులుగా కలిపే ఆజ్ఞ) పెట్టాను. 1055 ఎర్రర్ వచ్చింది. గ్రూప్ బైలో లేని కాలమ్ వాడానని దాని ఫిర్యాదు. అందుకని సబ్జెక్టునూ మార్కులనూ కూడా గ్రూప్ బైలో చేర్చాను. ఎర్రర్ పోయింది గానీ, ఒక్కో విద్యార్థి ఆరుసార్లు వస్తున్నాడు. మార్కులు మెట్లు దిగినట్టు ఐమూలగా పడుతున్నాయి, మిగిలిన గళ్లన్నీ నల్, అంటే ఖాళీ. ఉన్నది 412 మంది అయితే జాబితాలో 2,461 వరుసలు వచ్చాయి. తప్పు ఎక్కడుందో చెప్పగలరా?

పట్టిక_పంతులు
ఆ ఎర్రర్ మీకు మేలు చేయబోయింది, మీరు దాని నోరు నొక్కారు. కేస్ అనేది వరుసలను కలపదు. ఒక విలువ ఏ గడిలో పడాలో మాత్రమే అది నిర్ణయిస్తుంది. వరుసలను కలిపేది గ్రూప్ బై. మీరు దానికి ఎన్ని కాలమ్‌లు చెబితే, వాటి ప్రతి వేరు కలయికకూ ఒక వరుస మిగులుస్తుంది. సబ్జెక్టును కూడా చెప్పారు కాబట్టి ఆరు వరుసలు ఆరుగానే మిగిలాయి.

గ్రూప్ బైలో రోల్ నంబరు ఒక్కటే ఉంచి, ప్రతి కేస్‌నూ మ్యాక్స్‌లో చుట్టండి. ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు మామూలుగానే కొట్టండి:

సెలెక్ట్ రోల్,
మ్యాక్స్(కేస్ వెన్ సబ్జెక్టు = 'ఫిజిక్స్' దెన్ మార్కులు ఎండ్) యాజ్ ఫిజిక్స్,
మ్యాక్స్(కేస్ వెన్ సబ్జెక్టు = 'కెమిస్ట్రీ' దెన్ మార్కులు ఎండ్) యాజ్ కెమిస్ట్రీ
ఫ్రమ్ మార్కులపట్టిక గ్రూప్ బై రోల్;

మిగతా సబ్జెక్టులూ ఇదే తీరు. ఒక విద్యార్థి ఆరు వరుసల్లో ఫిజిక్స్ కేస్‌కు ఒక చోట మార్కు, అయిదు చోట్ల నల్ వస్తాయి. మ్యాక్స్ నల్‌లను లెక్కలోకి తీసుకోదు కాబట్టి ఆ ఒక్క మార్కే మిగులుతుంది.

నిడదవోలు_నుంచి
ఒక్కొక్కరికీ ఒకే వరుస వచ్చింది, ధన్యవాదాలు. అయితే ఒక సందేహం మిగిలింది. ఒక విద్యార్థికి ఫిజిక్స్ మార్కు ఉండేదే ఒకటి. ఒకే ఒక్క విలువలో గరిష్ఠం వెతకమనడం ఏమిటి?

పట్టిక_పంతులు
ఒకటే ఉందని మీకు తెలుసు, డేటాబేసుకు తెలియదు. అనేక వరుసలు ఒకటిగా మారేటప్పుడు ఏ విలువ మిగలాలో మీరు చెప్పి తీరాలి. అందుకు మ్యాక్స్ ఒక సాకు మాత్రమే, మిన్ రాసినా అదే జవాబు వస్తుంది.

కూడిక_కోటయ్య
నేనైతే మ్యాక్స్ వద్దు, సమ్ రాయమంటాను. పొరపాటున ఒకే సబ్జెక్టు రెండుసార్లు నమోదైతే మ్యాక్స్ దాన్ని గుట్టుగా దాచేస్తుంది, సమ్ మాత్రం బయటపెడుతుంది. 60 మార్కుల ఫిజిక్స్‌లో 97 వచ్చినట్టు జాబితాలో కనబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా.

పట్టిక_పంతులు
20కి 25 కలిసి 45 అయితే ఎవరికీ అనుమానం రాదు, కోటయ్య గారూ. ఆ విద్యార్థి తండ్రి మాత్రం మిఠాయి పంచుతాడు. రెండుసార్లు నమోదు కాకుండా ఆపాల్సింది పట్టికలో. రోల్, సబ్జెక్టు రెండింటి మీద కలిపి యూనిక్ కీ (అదే జంట రెండోసారి నమోదు కాకుండా ఆపే నిబంధన) పెడితే మ్యాక్స్, సమ్ తగవే ఉండదు.

లెక్క_తప్పదు
ఈ తగవు కంటే ముందు ఎవరూ గమనించని విషయం ఒకటుంది. 412ను ఆరుతో గుణిస్తే 2,472 వస్తుంది. మొదటి ప్రశ్నలో చెప్పిన సంఖ్య 2,461. ఆ 11 ఎక్కడికి పోయాయి?

నిడదవోలు_నుంచి
పరీక్షకు రానివాళ్ల వరుసలు లేకపోవడం వల్ల అనుకున్నాను.

లెక్క_తప్పదు
రానివాళ్లను మీరు ఎలా నమోదు చేస్తారు? వరుసే ఉండదా, లేక ఉండి మార్కుల గడి ఖాళీగా ఉంటుందా?

నిడదవోలు_నుంచి
వరుస ఉంటుంది, మార్కుల గడిలో 'ఏబీ' అని ఉంటుంది.

లెక్క_తప్పదు
అంటే మార్కుల కాలమ్ అంకెల రకం కాదు, అక్షరాల రకం. ఇప్పుడు మ్యాక్స్ అక్షరాల వరుసక్రమంలో పోలుస్తుంది. ఆ క్రమంలో '9' అనేది '41' కంటే పెద్దది, ఎందుకంటే మొదటి అక్షరం దగ్గరే తీర్పు అయిపోతుంది. 'ఏబీ' అయితే ఏ అంకె కంటేనైనా పెద్దది. ఒక విద్యార్థి మొదట గైర్హాజరై, తర్వాత మళ్లీ రాసి 52 తెచ్చుకుని, ఆ రెండు వరుసలూ పట్టికలో ఉంటే, మీ జాబితాలో ఆ విద్యార్థి గైర్హాజరుగానే కనబడతాడు. రోల్, సబ్జెక్టుల మీద గ్రూప్ చేసి, హ్యావింగ్ (గుంపులకు పెట్టే షరతు) కౌంట్ ఒకటి కంటే ఎక్కువ అని ఒకసారి అడిగి చూడండి.

నిడదవోలు_నుంచి
ఏడు జంటలు దొరికాయి. అందులో అయిదు సరిగ్గా మీరు చెప్పినవే, ముందు 'ఏబీ' పడి తర్వాత మళ్లీ రాసిన మార్కులు చేరాయి. మిగిలిన రెండు మార్కులు తక్కువ వచ్చి మళ్లీ రాసినవి, వాటిలో ఒకటి '9', '41'. జాబితాలో 9 అనే ఉంది. ఇంకొక గంటలో దీన్ని బోర్డుకు అంటించేవాణ్ణి.

కూడిక_కోటయ్య
సమ్ రాసి ఉంటే 50 వచ్చేది. అదీ తప్పేనని ఒప్పుకుంటున్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను గానీ, పూర్తిగా కాదు.

సున్నా_వేరు_ఖాళీ_వేరు
ఏబీ మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ఇలాంటి జాబితాలో ఖాళీ గడికి మూడు అర్థాలుంటాయి. ఆ విద్యార్థికి ఆ సబ్జెక్టే లేదు, బైపీసీ వాళ్ల మ్యాథ్స్ గళ్ల మాదిరిగా. పరీక్షకు రాలేదు. వచ్చాడు గానీ మార్కులు ఇంకా ఎక్కించలేదు. తిప్పిన తర్వాత ఈ మూడూ నల్‌గానే కనబడతాయి. అందుకే మార్కులను అంకెల కాలమ్‌గా మార్చి, హాజరుకు వేరే కాలమ్ పెట్టుకోవడం మేలు.

ఇంకొక మాట. ఖాళీ బాగుండదని చాలామంది కేస్ చివర ఎల్స్ సున్నా రాస్తారు. సమ్‌కు దానివల్ల నష్టం లేదు. సగటు తీసే ఏవీజీకి మాత్రం ఘోరమైన నష్టం, ఎందుకంటే నల్‌ను వదిలేసే ఏవీజీ సున్నాను మాత్రం భాగహారంలో చేర్చుకుంటుంది. కౌంట్‌లో ఎల్స్ సున్నా రాస్తే షరతుకు సరిపోయినవీ సరిపోనివీ అన్నీ లెక్కలోకి వస్తాయి. మా సెక్షన్‌లో ఒకసారి ఫిజిక్స్ తరగతి సగటు 7 వచ్చింది. లెక్చరర్ గారు రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

సర్వర్_సుబ్బారావు
మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకు 2005 వెర్షన్ నుంచీ వరుసలను కాలమ్‌లుగా తిప్పే పివట్ అనే ఆజ్ఞే ఉంది, ఒరాకిల్‌లో 11జీ నుంచి ఉంది. ఇన్ని కేస్‌లు రాసే శ్రమ ఏమీ లేదు. మై ఎస్‌క్యూఎల్‌లో ఇది ఇప్పటికీ లేకపోవడం వింత.

పట్టిక_పంతులు
ఆ పివట్‌లోనూ కాలమ్‌ల పేర్లు ఇన్ తర్వాత మీరే ఒక్కొక్కటిగా రాయాలి కదా, సుబ్బారావు గారూ. తగ్గేది టైపింగే, ఆలోచన తగ్గదు. పైగా అక్కడ గ్రూప్ బై కళ్లకు కనబడదు. పివట్‌లో పేరు రాయని ప్రతి కాలమ్ మీదా అది తనంతట తానే గ్రూప్ చేస్తుంది. మూల పట్టికలో నమోదు తేదీయో క్రమసంఖ్యో ఉంటే మళ్లీ ఇవే మెట్లు, ఇదే ఐమూల.

సర్వర్_సుబ్బారావు
నిజమే. నేను కూడా మొదటిసారి అక్కడే బోర్లా పడ్డాను. కావలసిన మూడు కాలమ్‌లనే లోపలి సెలెక్ట్‌లో తీసుకుని, దాని మీద పివట్ వేయాలి.

పాత_యాక్సెస్_అభిమాని
మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ట్రాన్స్‌ఫామ్ అని మొదలుపెట్టి చివర పివట్ సబ్జెక్టు అని రాస్తే కాలమ్‌లు వాటంతట అవే పుట్టుకొచ్చేవి. పెద్ద డేటాబేసులు ఆ పని ఎందుకు చేయవో నాకు నేటికీ అర్థం కాదు.

పట్టిక_పంతులు
మీ ప్రశ్న చిన్నదేమీ కాదు. చాలా డేటాబేసుల్లో క్వెరీ (డేటాబేసును అడిగే ప్రశ్న) నడవడానికి ముందే, డేటా వంక ఇంకా చూడకముందే, జవాబులో ఏయే కాలమ్‌లు ఉంటాయో, అవి ఏ రకానివో తేలిపోవాలి. దాని మీద వ్యూ (పేరు పెట్టి దాచుకున్న క్వెరీ) కట్టాలన్నా, ఇంకొక పట్టికతో జాయిన్ చేయాలన్నా (జోడించాలన్నా) ఆ హామీ కావాలి. కాలమ్‌ల సంఖ్య డేటాను బట్టి మారితే, ఈ రోజు నడిచిన ప్రోగ్రాం రేపు కొత్త సబ్జెక్టు చేరగానే ఆగిపోవచ్చు. యాక్సెస్ తెరమీద చూపించడానికి పుట్టిన సాధనం కనుక ఆ హామీని వదులుకుంది.

ఏనుగు_బొమ్మ
పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు వాడేవాళ్లం ఇంతసేపూ ఊరుకున్నాం. 9.4 నుంచి ఫిల్టర్ అనే సౌకర్యం ఉంది. మ్యాక్స్(మార్కులు) ఫిల్టర్ (వేర్ సబ్జెక్టు = 'ఫిజిక్స్') అని రాస్తే కేస్ కంటే చదవడానికి హాయిగా ఉంటుంది. టేబుల్‌ఫంక్ అనే ఎక్స్‌టెన్షన్‌లో క్రాస్‌ట్యాబ్ కూడా ఉంది గానీ, దాన్ని ఒకే వాదంతో (ఆర్గ్యుమెంట్, అంటే ఫంక్షన్‌కు ఇచ్చే విలువ) పిలిచే రూపాన్ని ఎవరూ వాడవద్దని నా మనవి. అది సబ్జెక్టు పేరు చూడదు, వచ్చిన విలువలను ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోతుంది. ఒక అమ్మాయికి కెమిస్ట్రీ వరుస లేకపోతే ఆమె ఇంగ్లీషు మార్కులు కెమిస్ట్రీ గడిలోకి జరుగుతాయి. సబ్జెక్టుల జాబితాను రెండో వాదంగా ఇస్తే ఆ ప్రమాదం తప్పుతుంది.

ఇంకొక తమాషా. పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్ పేరు 63 బైట్లకు మించకూడదు, తెలుగు అక్షరానికీ గుణింతం గుర్తుకూ పొల్లుకూ దేనికదే మూడేసి బైట్లు పడుతుంది. జిల్లాల పేర్లను తెలుగులోనే కాలమ్ శీర్షికలుగా పెట్టినప్పుడు 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు' 87 బైట్లయింది. 63 దగ్గర కోత పడింది. శ్రీరాములు గారు క్షేమంగా మిగిలారు, నెల్లూరు మాయమైంది. కావాలంటే లెక్కపెట్టి చూసుకోండి.

లెక్క_తప్పదు
లెక్కపెట్టాను. శ్రీరాములు వరకు 62, ఖాళీతో 63. సరిపోయింది.

కృష్ణ_ఒడ్డున
జిల్లాల మాట వచ్చింది కనుక మా కార్యాలయంలో జరిగినది చెప్పాలి. నెలవారీ నివేదికలో 13 జిల్లాలకు 13 కేస్‌లు చేత్తో రాసి పెట్టారు, ఏళ్ల తరబడి నడిచింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 26 అయ్యాయి. నివేదిక ఆగిపోయి ఉంటే ఆ రోజే తెలిసేది. ఆగలేదు. గుంటూరు అనే పేరు ఇంకా ఉంది కాబట్టి ఆ కాలమ్‌లో ఏదో అంకె వస్తూనే ఉంది, పల్నాడు, బాపట్ల వరుసలు మాత్రం ఏ కేస్‌కూ సరిపోక నేలపాలయ్యాయి. చివరి మొత్తాన్ని ఆ 13 కాలమ్‌లను కూడి రాశారు కనుక అడ్డంగా కూడితే లెక్క చక్కగా సరిపోయేది. రెండు నెలలు ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పటి నుంచి నేను మొత్తాన్ని కాలమ్‌ల కూడికగా రాయను. ఏ షరతూ లేని సమ్‌తో విడిగా తీస్తాను. కాలమ్‌ల కూడికకూ దానికీ తేడా వస్తే, ఎక్కడో ఒక వరుస జారిపోయిందని అర్థం.

పాలమూరు_పట్టిక
మేము ఈ కష్టం రెండుసార్లు పడ్డాం. తెలంగాణలో 10 జిల్లాలు 2016 దసరాకు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. రెండోసారికి మేము కాలమ్‌ల జాబితాను చేత్తో రాయడం మానేశాం.

నిడదవోలు_నుంచి
చేత్తో రాయకుండా ఎలా చేశారు? మాకు కూడా వచ్చే ఏడాది వేరే గ్రూపు చేరవచ్చు.

పాలమూరు_పట్టిక
క్వెరీని క్వెరీ చేతే రాయించాం. సబ్జెక్టుల పట్టిక నుంచి ఒక్కో పేరుకూ మ్యాక్స్ కేస్ ముక్కను కాంక్యాట్‌తో (అక్షరాలను అతికించే ఫంక్షన్) తయారు చేసి, గ్రూప్ కాంక్యాట్‌తో అన్నింటినీ కామాలతో కలిపి ఒక పెద్ద వాక్యం చేయాలి. దాన్ని ప్రిపేర్ చేసి (సిద్ధం చేసి) ఎగ్జిక్యూట్ చేయాలి (నడపాలి). ఇదంతా ఒక స్టోర్డ్ ప్రొసీజర్‌లో (డేటాబేసులోనే దాచుకునే చిన్న ప్రోగ్రాం) పెట్టవచ్చు, వ్యూలో పెట్టలేరు.

రెండు చోట్ల జాగ్రత్త. గ్రూప్ కాంక్యాట్ మొదటి అమరికలో 1,024 బైట్ల దగ్గర ఆగిపోతుంది. తెలుగు పేర్లయితే అది 341 గుర్తులకు మించదు. వాక్యం మధ్యలో తెగి, సంబంధం లేని చోట సింటాక్స్ ఎర్రర్ చూపిస్తుంది. ముందుగా సెషన్‌లో గ్రూప్ కాంక్యాట్ మ్యాక్స్ లెన్ విలువను పెంచుకోవాలి. రెండోది, పేర్లలో కోట్ గుర్తు ఉంటే వాక్యం విరిగిపోతుంది. ఎవరైనా కావాలని పెడితే విరగడం కంటే పెద్ద అనర్థమే జరుగుతుంది. విలువలకు కోట్ ఫంక్షన్ వాడండి, కాలమ్ పేర్లలో బ్యాక్‌టిక్ (`) ఉంటే దాన్ని రెండుసార్లు రాయండి.

ఎక్సెల్_చాలు
ఆరు సబ్జెక్టుల కోసం ప్రోగ్రాం చేత ప్రోగ్రాం రాయించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రంలా ఉంది. మూడు కాలమ్‌ల డేటాను ఎక్సెల్‌లో పోసి పివట్ టేబుల్ పెడితే రెండు నిమిషాల పని. డేటాబేసు పని డేటాను భద్రపరచడం, అలంకరణ దాని పని కాదు.

పట్టిక_పంతులు
సగం ఒప్పుకుంటాను. ఒకసారి తీసి బోర్డుకు అంటించే జాబితాకు ఎక్సెల్ చాలు. అయితే ఎక్సెల్ పివట్ కూడా ఒకే గడికి రెండు విలువలు వస్తే కూడేస్తుంది, అక్షరాలుంటే లెక్కపెడుతుంది. నిడదవోలు వారి '9', '41' అక్కడ 2గా మారి ఉండేవి. ప్రతి నెలా తీయాల్సిన జాబితా అయితే మాత్రం డేటాబేసులోనే చేయడం మేలు.

ఒకే_పట్టిక
అసలు మొదటి నుంచే పట్టికలో సబ్జెక్టుకొక కాలమ్ పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండేవి కావు కదా?

సున్నా_వేరు_ఖాళీ_వేరు
అప్పుడు తిప్పలు ఇంకొక వైపు నుంచి వస్తాయి. ఎంపీసీ, బైపీసీ రెంటికీ కలిపి ఎనిమిది కాలమ్‌లు పెట్టాలి, ప్రతి వరుసలో రెండు ఖాళీ. ఏదో ఒక సబ్జెక్టులో తప్పిన వారిని వెతకాలంటే ఎనిమిది షరతులు రాయాలి. తరగతిలో ఏ సబ్జెక్టు బలహీనమో చూడాలంటే కాలమ్‌లను మళ్లీ వరుసలుగా తిప్పాలి, అందుకు ఎనిమిది సెలెక్ట్‌లను యూనియన్ ఆల్‌తో కుట్టుకోవాలి. నిలువుగా దాచుకుని, చూపించేటప్పుడు అడ్డంగా తిప్పుకోవడమే నయం.

రెండో భాష గురించి ఒక చిట్కా. కొందరికి సంస్కృతం, కొందరికి తెలుగు ఉంటే రెండు కాలమ్‌లు అక్కరలేదు. ఒకే కేస్‌లో సబ్జెక్టు ఇన్ ('సంస్కృతం', 'తెలుగు') అని రాసి, దానికి రెండో భాష అని పేరు పెట్టండి.

నిడదవోలు_నుంచి
ఆ చిట్కా పాటించాను. మార్కులను అంకెల కాలమ్‌గా మార్చి, హాజరుకు వేరే కాలమ్ చేర్చి, ఆ ఏడు జంటల్లో పాత వరుసలను తీసివేసి, యూనిక్ కీ పెట్టాను. ఇప్పుడు జాబితాలో 409 మంది వస్తున్నారు. ముగ్గురు లేరు.

లెక్క_తప్పదు
అదే ఆ 11. ముగ్గురికి ఒక్క వరుసా లేకపోతే 18 తగ్గాలి. ఏడు అదనంగా ఉండటం వల్ల 11 మాత్రమే తగ్గినట్టు కనబడింది. మార్కుల పట్టికలో లేని విద్యార్థిని గ్రూప్ బై ఎక్కడి నుంచి తేగలదు? విద్యార్థుల పట్టిక నుంచి మొదలుపెట్టి మార్కుల పట్టికను లెఫ్ట్ జాయిన్ చేయండి, అంటే జత దొరకని విద్యార్థులు కూడా మిగిలేలా జోడించండి. పరీక్ష పేరు లాంటి షరతు ఏదైనా ఉంటే దాన్ని వేర్‌లో కాకుండా ఆన్‌లో రాయండి. వేర్‌లో రాస్తే ఆ ముగ్గురూ మళ్లీ పోతారు.

నిడదవోలు_నుంచి
412 వచ్చాయి. ఆ ముగ్గురూ పరీక్షల తర్వాత వేరే కళాశాల నుంచి వచ్చి చేరినవారట, ఆఫీసులో కనుక్కున్నాను. జాబితా అంటించాను. ప్రిన్సిపల్ గారు చూసి, ఎంపీసీ వాళ్లకు 470కి ఎన్ని వచ్చాయో మొత్తం కాలమ్ ఉంది గానీ పక్కన ర్యాంకు ఎందుకు లేదని అడిగారు.

పట్టిక_పంతులు
5.7లో ర్యాంక్ ఫంక్షన్ లేదు, అది 8.0తో వచ్చింది. వెర్షన్ మార్చండి, లేకపోతే దానికి వేరే చర్చ తెరవండి.

కూడిక_కోటయ్య
మొత్తం కాలమ్‌కు సమ్ వాడారా, లేదా?

నిడదవోలు_నుంచి
వాడాను, కోటయ్య గారూ. షరతు లేకుండా, విడిగా.